వాన లెక్క సరిపోయినా పంట, పాడి ఎందుకు తగ్గుతున్నాయి?

ప్రశ్న: మాది షాబాద్ మండలం. నాలుగెకరాల ఎర్ర చల్కలో పత్తి, అరెకరంలో పశుగ్రాసం జొన్న వేశాను. మృగశిర తొలి వానకు విత్తిన పత్తి సగం మొలవక మళ్లీ విత్తాను. మూడు వారాలుగా చినుకు లేదు. ఎండాకాలం నుంచి రెండు ముర్రా గేదెలు పాలు తగ్గించాయి, ఎదకు రావడం లేదు. వాడిన జొన్నను మేపవచ్చా? ఏటా వాన మొత్తం మామూలుగానే ఉందంటున్నారు, మరి నష్టమెందుకు?

జవాబు: ముందుగా జొన్న సంగతి. బెట్టకు వాడిన జొన్నను, మోకాలెత్తు దాటని లేత పైరును, మోళ్ల నుంచి వచ్చిన పిలకలను మేపవద్దు. వీటిలో హైడ్రోసయనిక్ ఆమ్లం అనే విషం పేరుకొని, తిన్న పశువుకు నాము (జొన్న విషం) తగులుతుంది. తిన్న కొద్ది నిమిషాల్లోనే పశువు ఎగశ్వాసతో నోట నురగ కక్కి, తూలి పడిపోతుంది. విరుగుడు ఇంజెక్షన్లు ఉన్నా పశువైద్యుడు చేరుకునే వ్యవధి చాలాసార్లు ఉండదు. వాన పడ్డాక వచ్చే పచ్చటి చిగురు చూసి మోసపోవద్దు, అదీ ప్రమాదకరమే. పూత దశకు వచ్చాకే కోయండి.

ఇక వాన మొత్తం అన్నది పంటకు అందిన తడిని చెప్పదు. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్‌లో ఒక్కరోజులోనే 30 సెంటీమీటర్లకు పైగా కురిసింది. అంతటి వాన ఏడాది లెక్కను నింపుతుంది గానీ చేలో నిలిచి, పగిలిన పత్తిని తడిపి పాడుచేస్తుంది. మీ చల్క నేల తడిని ఎక్కువ రోజులు పట్టి ఉంచదు కనుక, కనీసం 50–60 మిల్లీమీటర్ల వాన పడి, నేల లోపలి దాకా పదునైన తరువాతే విత్తాలి. కార్తె చూసి విత్తడం కన్నా పిడికెడు మట్టి తీసి పట్టి చూడటం మేలని నా అభిప్రాయం. ప్రస్తుతం సాళ్ల మధ్య గుంటక తోలి పైమట్టిని గుల్ల చేయండి. లీటరు నీటికి 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. ఎండిన నేలలో యూరియా చల్లవద్దు. జులై 20 దాటితే ఖాళీలలో పత్తికి బదులు కంది పెట్టుకోండి.

గేదె నల్లని చర్మం ఎండను ఎక్కువగా గ్రహిస్తుంది, స్వేదగ్రంథులు తక్కువ. అందువల్ల ఉక్కపోతలో ఒంటి వేడిని తగ్గించుకోవడానికి మేత తగ్గిస్తుంది, దానితో పాలూ తగ్గుతాయి. ఎద రాకపోవడం కాదు, చాలావరకు బయటపడకపోవడమే అసలు సమస్య: అరుపు, చిరాకు లేని మూగ ఎద. తెల్లవారుజామున, రాత్రి గేదె పడుకున్నప్పుడు మానం నుంచి జిగట తీగలు కారుతున్నాయేమో గమనించండి. చూడి కాలమే సుమారు 310 రోజులు కాబట్టి, ఈ వేసవిలో తప్పిన ఎద వచ్చే ఏడాది పాలను కూడా వెనక్కి నెడుతుంది. మధ్యాహ్నం రెండు మూడు సార్లు ఒంటిపై నీళ్లు చల్లి, గాలి ఆడేలా చూసి, మేతలో ఎక్కువ భాగం చల్లని వేళల్లోనే వేయండి. రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం ఇవ్వండి. దసరా నాటికీ ఎద కనిపించకపోతే పశువైద్యునితో గర్భకోశ పరీక్ష చేయించండి. చూడి గేదెనే ఎదకు రాలేదని తీసుకొచ్చే వారూ ఉంటారు. పరీక్ష లేకుండా హార్మోన్ ఇంజెక్షన్ వేయిస్తే అలాంటి గేదె ఈసుకుపోయే (గర్భస్రావమయ్యే) ప్రమాదం ఉంది.

— వ్యవసాయ శాస్త్రవేత్త, రాజేంద్రనగర్, హైదరాబాద్