కెమెరా సంగతి సరే, అమ్మగారి పెన్షన్ సంగతేమిటి?

కాకినాడ నుంచి ఒకరు ఉత్తరం రాశారు. వయసు 36. మూడేళ్ల క్రితం ఉద్యోగం మానేసి కోరింగ మడ అడవులు, పాపికొండలు, లడఖ్, హంపి తిరిగి ఫొటోలు తీస్తున్నారు. వాటిని ఫైన్ ఆర్ట్ ప్రింట్లుగా అమ్ముతున్నారు. ప్రింట్లలో లోతు లేదని గ్యాలరీవాళ్లు అన్నారట. అయిదున్నర లక్షలు అప్పు చేసి మీడియం ఫార్మాట్ కెమెరా (మామూలు వాటికన్నా పెద్ద సెన్సరు ఉండేది) కొనమంటారా అన్నది ప్రశ్న. చివర్లో ఒక మాట: టీచరుగా రిటైరైన అమ్మ తన పెన్షన్‌లోంచి నెలకి 15,000 పంపుతోంది, ఆ సంగతి నాన్నకీ భార్యకీ తెలియదు.

కెమెరా కొనొద్దు. మీ 24 మెగాపిక్సెల్ కెమెరాతో 16×24 ప్రింటు వేస్తే అంగుళానికి 250 పిక్సెళ్లు వస్తాయి. గోడకి తగిలించే బొమ్మకి అది చాలు. లోతు ఎందుకు పోతోందో మీరే రాశారు: ల్యాప్‌టాప్ స్క్రీన్ వెలుతురు పూర్తిగా పెంచుకుని ఎడిట్ చేస్తున్నారు. ఆ వెలుగులో నీడలన్నీ తేటగా కనిపిస్తాయి, కాగితం మీదికి వచ్చేసరికి మసిబారతాయి. కాలిబ్రేటర్ (స్క్రీన్ వెలుతురూ రంగులూ కొలిచి సరిచేసే పరికరం) పెట్టి స్క్రీన్‌ని చదరపు మీటరుకి 100 క్యాండెలాల (వెలుతురు కొలత) దగ్గరికి దించండి. ల్యాబ్‌వాళ్లని ఆ కాగితం తాలూకు ఐసీసీ ప్రొఫైల్ (దాని మీద రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలు) అడిగి తీసుకుని సాఫ్ట్ ప్రూఫ్, అంటే ప్రింటు ఎలా ఉంటుందో స్క్రీన్ మీదే, చూసుకోండి. మెరుపు లేని మాట్ కాటన్ కాగితం మీద నలుపు, బరైటా (మెరుపు పూత ఉన్న ఫొటో కాగితం) మీద వచ్చినంత చిక్కగా రాదు. పొగమంచు పట్టిన గోదావరికి మాట్ సరే, మడ వేళ్ల కింది చీకటికి బరైటా కావాలి. పెద్ద ప్రింటు వేయించే ముందు 8×12 ఒకటి తీయించి, ఇళ్లల్లో ఉండే మామూలు లైటు కింద చూడండి. కెమెరా గురించి ఇక చెప్పేదేమీ లేదు.

అమ్మగారి దగ్గరికి వద్దాం. చీటీ కడుతున్నానని ఆవిడ నాన్నగారికి చెబుతున్నారని రాశారు. మూడేళ్లకి 5,40,000. మీరు అప్పు చేయాలనుకుంటున్న మొత్తం ఇంచుమించు ఆవిడకి అప్పుడే బాకీ ఉన్నారు. తన కంటి ఆపరేషన్ ‘తర్వాత చూద్దాంలే’ అని ఆవిడ అన్నారని కూడా రాసి, ఆ ముక్క పక్కనే కెమెరా మోడల్ నంబరు రాశారు. చదివి కోపం వచ్చింది. దాచుకోను.

అమ్మ నన్ను నమ్మింది, నా ఫొటోలన్నీ ఆవిడకి నచ్చుతాయి అంటున్నారు. చిక్కు అక్కడే ఉంది. గ్యాలరీకి 60 బొమ్మలు పంపారు, నాలుగు ఊళ్లవి కలిపి. ఇది తీసెయ్ అని చెప్పే మనిషి మీకు లేరు. గ్యాలరీకి కావాల్సింది ఒకే చోటు మీద నిలబడ్డ 15 నుంచి 20 బొమ్మలు. కోరింగ మీ ఊరి పక్కనే ఉంది. పోటుకీ పాటుకీ అదే మడ గుంపు ఎలా మారుతుందో ఏడాది పొడవునా తీయొచ్చు, లడఖ్ టికెట్టు అక్కర్లేదు.

ఇక ధర. మీ లెక్కే వేస్తాను. ప్రింటుకి 2,200, ఫ్రేముకి 3,000, మొత్తం 5,200. 8,000కి అమ్మితే గ్యాలరీ సగం తీసుకుంటుంది, మీ చేతికి 4,000. అమ్ముడైన ప్రతి బొమ్మ మీదా 1,200 పోతోంది. ఆ 1,200 ఎవరు కడుతున్నట్టు? నెలనెలా డబ్బు పడుతోంది కాబట్టి ఈ లెక్క వేసుకునే అవసరం మీకు రాలేదు. గ్యాలరీ వాటా పోయాక ఖర్చుకి రెట్టింపు మిగలాలనుకుంటే 20,000 పైన పెట్టాలి. ఆ ధర అడగాలంటే ఎడిషన్ ఉండాలి, అంటే ఇన్నే ప్రింట్లు వేస్తానన్న హద్దు: అన్ని సైజులూ కలిపి ఒక బొమ్మకి పది ప్రింట్లు, ఆ లెక్కకి బయట మీ దగ్గర ఉంచుకునే మరో రెండు ఆర్టిస్ట్ ప్రూఫ్‌లు. అంచున పెన్సిల్‌తో నంబరు, సంతకం, తోడుగా సర్టిఫికెట్, ఏ నంబరు ఎవరికి వెళ్లిందో పుస్తకంలో నమోదు. నాలుగు అమ్ముడయ్యాక ధర పెంచండి. పది అని చెప్పాక పదకొండోది వేయకూడదు. క్యాలెండర్లకి ఇచ్చిన బొమ్మని ఎడిషన్‌లో పెట్టకండి.

అమెరికా ప్రకృతి ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ పేరు మీరే ఎత్తారు. 1928లో ఆయన వర్జీనియా బెస్ట్‌ని పెళ్లాడాడు. కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో ఆవిడ తండ్రి నడిపిన స్టూడియో 1936లో ఆవిడ చేతికి వచ్చింది, ఆ ఇంటికి అదొక ఆధారం. అదీ చాలక ఆయన ఏళ్ల తరబడి కొడాక్ లాంటి కంపెనీలకి పనిచేశాడు. ఇంట్లోవాళ్ల ఆసరా తీసుకోవడంలో తప్పు లేదు. భార్య జీతం మీద ఇల్లు నడిచినా నాకు చిన్నతనంగా తోచదు. ఆవిడకి తెలియకుండా నడవడం మాత్రం ముమ్మాటికీ చిన్నతనమే. రిటైరైన మనిషి చేత భర్తకి అబద్ధం చెప్పించడం అంతకన్నా తక్కువ పని.

మీరూ కంపెనీల పని పట్టండి. హోటళ్లు, ఆసుపత్రులు గోడల కోసం బొమ్మలు కొంటాయి. ఒక్క జాగ్రత్త: డబ్బిచ్చి ప్రత్యేకంగా తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మన చట్టంలో కాపీరైట్ తీయించుకున్నవాళ్లదే. హక్కు మీ దగ్గరే ఉంచుకుని వాడుకునే అనుమతి మాత్రం ఇస్తున్నట్టు ముందే కాగితం మీద రాయించుకోండి.

ఈ రాత్రే మీ ఆవిడకి చెప్పండి, మొత్తం అంకెతో సహా. ఆవిడకి కోపం వస్తుంది, రావాలి. ఆదివారం ఇద్దరూ కలిసి వెళ్లి నాన్నగారికి చెప్పండి. అమ్మగారు మధ్యలో అడ్డం పడి ‘నేనే ఇచ్చాను’ అంటారు, అననివ్వకండి, అడిగింది మీరు. కంటి డాక్టరు దగ్గర తేదీ ఖాయం చేయించుకునే తిరిగి రండి. వచ్చే నెల పెన్షన్ పడేలోగా మీకు నెలనెలా డబ్బు పంపమన్న ఆవిడ బ్యాంకు ఆదేశాన్ని రద్దు చేయించండి. హోటల్ పని దొరికిన నెల నుంచి 5,000 చొప్పున వెనక్కి వేయండి, నాన్నగారికి తెలిసేలా.