రాత్రి అన్నం మానేసి పొద్దున్నే పరిగెడితే కాళ్ళు ఎందుకు లాగుతాయి?

ఖాళీ కడుపుతో ఆర్కే బీచ్ నుంచి రుషికొండ దాకా పరిగెడితే సగంలోనే నీరసం వస్తోందన్నారు కదా, కండరాలకి పెట్రోల్ లాంటిది గ్లైకోజెన్ అండి, అది తయారయ్యేది ముఖ్యంగా అన్నం, ఇడ్లీ లాంటి వాటి నుంచే, మీరేమో డైటింగ్ అని దానికే కోత పెట్టారు. రాత్రి కాస్త అన్నం తినండి, పరుగుకి అరగంట ముందు ఓ అరటిపండు చాలు. అయ్యాక ఇడ్లీతో పాటు రెండు మూడు గుడ్లు తింటే, ఒక్కో గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రోటీన్, ఓసారికి 20 గ్రాముల దాకా అందితే కండరాలు బాగా రిపేర్ అవుతాయి, తగ్గింది పాలతో సరిపెట్టుకోండి, ఖరీదైన పౌడర్ డబ్బాలు నన్నడిగితే దండగ. వైజాగ్ ఉక్కపోతలో చెమటతో ఉప్పు కూడా పోతుంది, కొబ్బరిబొండం మంచిదే గానీ అందులో సోడియం తక్కువ, ఉప్పేసిన మజ్జిగే బెటర్.