పేపర్లో పడినంత మాత్రాన వార్త కాదు: ముందు బంగారం బీరువాలో పెట్టండి

ప్రశ్న: మాది ఆదోని. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 24 వేలు. మా ఆయన పత్తి మార్కెట్లో గుమస్తా, సీజన్లోనే ఆదాయం. ఇంటి ఖర్చు నెలకు 28 వేలు, బ్యాంకులో 11 వేలున్నాయి. ఒక ట్రేడింగ్ సంస్థ గురించి పేపర్లో వ్యాసం వచ్చింది, 3 లక్షలు పెడితే నెలకు 3 శాతం గ్యారంటీ అట. మా తోడికోడలికి రెండు నెలలుగా డబ్బులు పడుతున్నాయి. బంగారం మీద బ్యాంకు 9.5 శాతానికి అప్పు ఇస్తానంటోంది. ఏడాదికి 36 శాతం వస్తుంటే 9.5 కట్టినా లాభమే కదా?

జవాబు: వద్దు. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలానే వస్తాయి, అందరిదీ ఒకటే పొరపాటు కాబట్టి మీకు కాస్త వివరంగా రాస్తున్నా.

మీరు పంపిన ఆ పేపర్ పేజీ ఫొటోను పెద్దది చేసి చూశాను. కుడివైపు పై మూలన, పేజీ నంబరు కన్నా చిన్న అక్షరాల్లో ‘ప్రకటన’ అని ఉంది. అది వ్యాసం కాదమ్మా, డబ్బు కట్టి వేయించుకున్నది. వార్తకు పెట్టినట్టే హెడ్డింగు, వార్తకున్నట్టే కాలమ్‌లు, మధ్యలో నవ్వుతూ ‘కర్నూలు గృహిణి’, ఆమెకు పేరు కూడా లేదు. ‘3%’ పక్కన చుక్క గుర్తు ఉంది, దాన్ని పట్టుకుని కిందికి వెళ్తే ‘గత పనితీరు ఆధారంగా అంచనా’ అని ఉంది. అంటే పైన గ్యారంటీ, కింద అంచనా! ‘సెబీ నిబంధనలకు అనుగుణంగా’ అని రాసుకున్నారు గానీ రిజిస్ట్రేషన్ నంబరు ఎక్కడా లేదు. సెబీ అంటే షేర్ మార్కెట్‌ను నియంత్రించే ప్రభుత్వ సంస్థ. దాని దగ్గర నమోదైనవాళ్లు గ్యారంటీ రాబడి అని చెప్పుకోవడానికే వీల్లేదు, కాబట్టి ఆ రెండు మాటలూ ఒకే పేజీలో కనిపించాయంటే అక్కడితో చదవడం ఆపేయొచ్చు. ఇక ‘40 మందికే, ఈ నెల 30 వరకే’ అన్నది మీరు ఇంకొకరిని అడిగే లోపే సంతకం పెట్టించుకోవడానికి.

నెలకు 3 శాతం అంటే మన లెక్కలో నూటికి మూడు రూపాయల వడ్డీ. మన ఊళ్లలో మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకునేది ఎవరు? బ్యాంకు గడప తొక్కనివ్వనివాళ్లు. ఆ సంస్థకు నిజంగా 36 శాతం సంపాదించే తెలివే ఉంటే, తనే బ్యాంకులో అప్పు తెచ్చుకుని మొత్తం లాభం తనే ఉంచుకుంటుంది, ఆదోనిలో ఉన్న మీ నగలతో దానికేం పని?

తోడికోడలి సంగతి. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రాల కోసం ఎంతమంది వెతుకుతారో మీకు తెలిసిందే. దొరికినవాడి గురించి పేపర్లో వస్తుంది, నడుము నొప్పితో ఇంటికెళ్లినవాళ్ల గురించి రాదు. ప్రకటనల్లో లాభాల కథలూ అంతే. పైగా ఆమెకు వచ్చిన రెండు నెలల డబ్బు ఆమె కట్టిన సొమ్ములోంచే తీసి ఇచ్చి ఉండొచ్చు. ట్రేడింగ్ మాటకొస్తే, 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో (షేర్ల ధర ముందుముందు ఎటు పోతుందోనని చేసే ట్రేడింగ్‌లో) దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని సెబీయే లెక్క తేల్చింది.

అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టడం నాకు అస్సలు గిట్టదు. రాబడి ఆగిపోయినా బ్యాంకు వడ్డీ ఆగదు, గడువు దాటితే నగలు వేలానికి పోతాయి. అసలు సంగతి ఇంకోటి ఉంది. మీ ఇంట్లో అత్యవసర నిధి 11 వేలు, అంటే పన్నెండు రోజుల ఖర్చు. రేపు మీ ఆయనకు పని తగ్గినా, మీకు స్కూల్లో జీతం ఆలస్యమైనా, ఎవరైనా ఆసుపత్రిలో చేరినా మీకున్న ఆధారం ఆ బంగారం ఒక్కటే. దాన్ని కష్టమేమీ లేనప్పుడే తాకట్టు పెట్టేస్తే కష్టం వచ్చిన రోజున ఏం పెడతారు? చేతిలో ఆరు నెలల ఖర్చు ఉన్నవాళ్లకు ‘30 వరకే’ అన్నది చదివినా టెన్షన్ రాదు, పేజీ తిప్పేస్తారు. చేతిలో ఏమీ లేనివాళ్లకే అది తమ కోసం రాసినట్టు అనిపిస్తుంది, రాసేవాడికీ ఆ సంగతి తెలుసు.

మీకు ఆరు నెలల ఖర్చంటే 1,68,000. పత్తి సీజన్లో మీ ఆయన తెచ్చేదాంట్లో సగం ముట్టుకోకుండా పక్కన పెట్టండి, సీజన్ లేని నెలల్లో మీ జీతానికి తక్కువ పడే నాలుగు వేలు మిగతా సగంలోంచి వాడుకోండి. నిధి పూర్తయ్యే దాకా వేరే పెట్టుబడి వద్దు. ఆ తర్వాత సిప్ (నెలనెలా కొంత మ్యూచువల్ ఫండ్లో వేసే పద్ధతి) గురించి మాట్లాడుకుందాం. మీ ఇద్దరి పేరా టర్మ్ పాలసీ (మనిషి పోతే ఇంటివాళ్లకు డబ్బొచ్చే జీవిత బీమా) మాత్రం ఇప్పుడే చూసుకోండి.

అన్నట్టు, నేను ఫీజు తీసుకునే సలహాదారుని, పాలసీల మీద, ఫండ్ల మీద నాకు కమీషన్ రాదు. ఇంకెవరు సలహా ఇచ్చినా ముందు ఈ ముక్క అడగండి.

మీ తోడికోడలు ఎంత పెట్టారో, రసీదు మీద ఏ పేరుందో కనుక్కోండి. కట్టిన అసలు సొమ్మును వెంటనే వెనక్కి అడగమనండి. సాకులు చెబితే రిజర్వ్ బ్యాంకు ‘సచేత్’ పోర్టల్లో ఫిర్యాదు పెట్టొచ్చు. పోయిన ఏడాది మీ ఆయనకు ఏ నెలలో ఎంత వచ్చిందో రాసి పంపితే, సీజన్లో ఎంత పక్కన పెట్టాలో లెక్క కట్టి చెబుతాను.