దాత భవనం ఇస్తానంటున్నారు, జీతాలెవరిస్తారు?

మీ ఇబ్బంది అర్థమైంది. మీ గ్రంథాలయానికి ఐదో శాఖ కట్టించడానికి దాత ముందుకొచ్చారు, ఉన్న నాలుగు శాఖలకేమో ఏడాది చివర్లో కరెంటు బిల్లుకే తడుముకుంటున్నారు. వద్దనకండి, అలాగని వెంటనే ఒప్పుకోనూ వద్దు.

1883, 1929 మధ్య అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ డబ్బుతో 2,500కు పైగా గ్రంథాలయాలు లేచాయి. ఆయన మామూలుగా పెట్టే షరతు ఏమిటంటే, స్థలం ఊరే చూసుకోవాలి, ఆయనిచ్చిన సొమ్ములో 10 శాతం ఏటా నిర్వహణకు ఊరే పెట్టాలి. ఆ లెక్క చూసి వద్దన్న ఊళ్లూ ఉన్నాయి. మీరూ అదే లెక్క వేయండి. జీతాలతో మొదలుపెట్టండి, పెద్ద పద్దు అదే. పైకప్పు మరమ్మతు మరిచిపోవద్దు. ఈ-పుస్తకాలను ఒక్కసారి ఖర్చు కింద రాయకండి. చాలావాటి లైసెన్సు రెండేళ్లకో, ఇన్నిసార్లు ఇచ్చాకో ముగిసిపోతుంది. కొన్నట్టు ఉంటుంది గానీ నిజానికి అద్దే.

ఆ కాగితం దాత ముందు పెట్టి, భవనం కాస్త చిన్నది చేసి మిగిలినది మూలనిధిగా, అంటే అసలు కదపకుండా రాబడి వాడుకునే నిధిగా, ఇమ్మని అడగండి. నూరు రూపాయల నిధిలో ఏటా నాలుగు మాత్రమే వాడతామని రాసుకోండి. ఫలకం మీద పేరు ఎలాగూ ఉంటుంది కాబట్టి చాలామంది ఒప్పుకుంటారు. విరాళపత్రంలో "పిల్లల పుస్తకాలకు మాత్రమే" లాంటి ఇరుకు మాటలు రానివ్వకండి, "గ్రంథాలయ సేవలకు" అంటే చాలు.

ఇంకొకటి, విరాళం వచ్చిందని పాలకమండలి మీ గ్రాంటు కోసేస్తుంది. కోయబోమని వాళ్ల దగ్గర ముందే రాతపూర్వకంగా తీసుకోండి. మేం నోటిమాట నమ్మి రెండేళ్లు పత్రికలు ఆపుకున్నాం.