స్లాబు కారితే అద్దె ఆపేయొచ్చా?

ప్రశ్న: ఒంగోలు లాయర్‌పేటలో మాకు రెండంతస్తుల డాబా ఉంది. మేం హైదరాబాద్‌లో ఉంటాం. పై వాటా మూడేళ్ళ కిందట నెలకు 9 వేలకు ఇచ్చాం. అడ్వాన్సు 27 వేలు. రాతకోతలు లేవు. మొన్నటి వానలకు స్లాబు కారుతోందని అద్దెకున్నాయన వాట్సాప్‌లో పెడితే, పండక్కి వచ్చినప్పుడు చూద్దాంలే అన్నాం. ఆయన మేస్త్రీని పిలిచి తనే చేయించి, 14,500 అయిందని రెండు నెలల అద్దె ఆపేశాడు. బోరు మోటారు కాలిపోతే ఆ 6,200 కూడా మమ్మల్నే ఇమ్మంటున్నాడు. ఫ్యూజు పీకేస్తే దారికొస్తాడని మా బావమరిది అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ బావమరిదిని ఆపండి. యజమాని ఒప్పుకోలేదన్న కారణంతో అద్దెదారుకు కరెంటు నిరాకరించకూడదని, అది కనీస అవసరమని సుప్రీంకోర్టు 2022లోనే చెప్పింది. ఫ్యూజు పీకిన రోజు నుంచి తప్పు అద్దెదారుది కాదు, మీదవుతుంది. స్లాబు సంగతి పక్కకు పోయి, ఇంట్లో పిల్లల్ని చీకట్లో కూర్చోబెట్టిన యజమానిగా కోర్టులో నిలబడతారు.

ఇక స్లాబు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, యజమాని చేయించాల్సిన రిపేరును చెప్పినా సకాలంలో చేయించకపోతే, అద్దెదారే చేయించుకుని ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో పట్టుకోవచ్చు. ఏ రిపేరు యజమానిది అన్నది మాత్రం ఆ చట్టం విడమరిచి చెప్పదు. ఒప్పందాన్నీ, ఊరి ఆనవాయితీనీ చూడాలి. లాయర్‌పేటలో ఇల్లుండి కూడా మీరు ఒక్క కాగితం రాసుకోలేదు కాబట్టి మిగిలింది ఆనవాయితీయే. స్లాబు, గోడలు, లోపలి పైపులు యజమానివేనన్నది మన దగ్గర ఎవరిని అడిగినా చెప్పే మాట. కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం కూడా ఇలాగే పంచింది: నిర్మాణం రిపేర్లు, సున్నాలు, పైపులు మార్చడం, వైరింగు యజమానికి, కొళాయిలు, స్విచ్చులు, తాళాలు, మురుగు కాలవ శుభ్రం అద్దెదారుకు. అది నమూనా మాత్రమే, దానంతట అది మిమ్మల్ని కట్టేయదు. తగువు తెంచుకోవడానికి మాత్రం మంచి కొలబద్ద.

మీకు అసలు ఇబ్బంది ఆ ‘చూద్దాంలే’ మాటతోనే. ఫ్యాను కొక్కెం పక్కనుంచి నీళ్ళు కారుతున్న ఫొటో, కింద మీ జవాబు, రెండూ ఆయన ఫోన్‌లో తేదీతో సహా ఉంటాయి. నోటీసు ఇచ్చాడా అన్న వాదనే ఇక మీకు లేదు. అయితే ఆయన లెక్క కూడా పూర్తిగా సరికాదు. ఖర్చు 14,500, ఆపింది 18,000. తేడా 3,500 బాకీయే, అడగండి. మేస్త్రీ రసీదు, సామాన్ల బిల్లులు చూపించమనండి. చిత్తుకాగితం మీద ‘మొత్తం 14,500’ అని రాసిస్తే ఒప్పుకోనక్కర్లేదు. న్యాయమైన ఖర్చు వరకే ఆయన హక్కు.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. డాబా మీద నీళ్ళు పోయే గొట్టం ఎవరైనా చూశారా? నా దగ్గరకొచ్చే స్లాబు తగువుల్లో సగం ఆ గొట్టంలో వేపాకు ఇరుక్కోవడంతోనే మొదలవుతాయి. రెండు రోజులు నీళ్ళు నిలిస్తే ఏ స్లాబైనా పీలుస్తుంది. డాబా వాడకం పూర్తిగా పై వాటాదే అయి, ఒడియాలు ఎండబెట్టుకునేదీ వాళ్ళే అయితే, గొట్టం తీసే పనీ వాళ్ళదేనని మీరు వాదించొచ్చు. ఆ కొంత ఖర్చు పంచుకోమని అడగడంలో తప్పులేదు.

మోటారు విషయం ఎందుకు కాలిందన్నదాన్ని బట్టి తేలుతుంది. పాతబడి పోయినా, రెండు వాటాలకూ అదే మోటారైనా ఖర్చు మీదే. నీళ్ళు లేకుండా రాత్రంతా తిరిగి కాలితే, స్విచ్ వేసి మరిచిన వాళ్ళది. వైండింగు విప్పిన మెకానిక్‌ను కారణం అడిగి బిల్లు మీదే రాయించండి. అద్దెదారు తప్పు వల్ల జరిగిన నష్టమని మీరు నోటీసిస్తే, మూడు నెలల్లో బాగుచేయించాల్సిన బాధ్యత ఆయనదని అదే 108వ సెక్షన్ చెబుతుంది.

అడ్వాన్సును ఇప్పుడు కదపకండి. అది ఖాళీ చేసేటప్పటి లెక్క. అప్పుడైనా మూడేళ్ళ వాడకానికి మాసిన గోడల సున్నం ఆయన మీద వేయలేరు, మామూలు అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాదు.

ఈ వారంలోనే ఇలా మెసేజ్ పెట్టండి: ‘స్లాబు బిల్లులు పంపండి, చూసి సర్దుకుంటాను. మిగిలిన 3,500 ఈ నెల అద్దెతో కలిపి వేయండి. ఆదివారం ఉదయం పదింటికి ఇల్లు చూడటానికి వస్తాను.’ సమంజసమైన వేళల్లో ఇల్లు చూసుకునే హక్కు మీకుంది. చెప్పకుండా తలుపు తట్టకండి, నమూనా చట్టం కూడా 24 గంటల ముందు చెప్పమంటుంది. వెళ్ళినప్పుడే పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకోండి. ఏడాది దాటకపోతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదనుకుని చాలామంది పదకొండుతో ఆపుతారు, కానీ ఆంధ్రప్రదేశ్‌లో ఎంత కాలానికి రాసుకున్న అద్దె ఒప్పందమైనా రిజిస్టర్ చేయించాల్సిందే. ఏ రిపేరు ఎవరిదో, ఎన్ని రోజుల్లో చేయించాలో, ఎంత వరకు అద్దెలో పట్టుకోవచ్చో అందులో పెట్టండి. మోటారు నంబరు, ఫ్యాన్ల లెక్క, ఆ రోజు గదిగదికీ తీసిన ఫొటోలు జతచేసి ఇద్దరూ సంతకాలు చేయండి. డాబా మీది గొట్టం ఎవరు చూడాలో కూడా రాయడం మరిచిపోకండి.