పరిస్థితులు మనిషిని మలిస్తే, పరిస్థితులను మార్చేదెవరు?

ప్రశ్న: మనిషి ఆలోచనలకు భౌతిక పరిస్థితులే మూలమని భౌతికవాదం అంటుంది. అలాగైతే పరిస్థితులు మారనిదే మనిషి మారడు, మనిషి మారనిదే పరిస్థితులు మారవు. ఈ చిక్కుముడి విడేదెలా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: 1845లో బ్రస్సెల్స్‌లో ఉండగా మార్క్స్, జర్మన్ భౌతికవాద తత్వవేత్త ఫాయర్‌బాక్ తత్వంపై 11 సూత్రాలు రాసుకున్నాడు. తత్వవేత్తలు ప్రపంచాన్ని వ్యాఖ్యానిస్తూ వచ్చారు గానీ చేయవలసింది దానిని మార్చటమన్న చివరి సూత్రం అందరి నోటా నలిగినదే. మీ ప్రశ్నకు జవాబు మాత్రం మూడవ సూత్రంలో ఉంది. దానిని తగినంతగా చదవకపోవటం మన చర్చలకు పెద్ద లోటని నా అభిప్రాయం. మనిషి తన పరిస్థితులకూ పెంపకానికీ ఫలితమని చెప్పిన పాత భౌతికవాదులు, ఆ పరిస్థితులను మార్చేదీ మనుషులేననీ, నేర్పేవాడు సైతం నేర్చుకోవలసి ఉంటుందనీ మరచిపోయారని మార్క్స్ అక్కడ ఎత్తిచూపాడు. పరిస్థితులను మార్చే పనిలోనే మనిషీ మారతాడని ఆయన వాదన.

నెల్లూరు జిల్లా దూబగుంటను చూడండి. పగలంతా కూలికి వెళ్లి వచ్చిన ఆడవాళ్లు అక్షరాస్యత కేంద్రంలో కూర్చుని అక్షరాలు దిద్దారు. వాచకంలోని సీతమ్మ కథలో వాళ్లకు కనిపించింది తమ ఇల్లే: మగవాడి కూలి డబ్బు గడప దాటి లోపలికి రాకముందే సారా ప్యాకెట్ కింద ఖర్చయిపోవటం, ఎసట్లో వేయటానికి గింజలు లేకపోవటం, అడిగితే దెబ్బలు. ఈ బాధ వాళ్లకు పాఠం చెప్పేనాటికే ఉంది. దాని గురించి పదిమందీ ఒకచోట కూర్చుని మాట్లాడుకునే వీలు కొత్తగా వచ్చింది. 1992లో వాళ్లు ఊళ్లోని సారా దుకాణాన్ని మూయించారు. ఆ తరవాత వాళ్లు చేసిన పనే మరో వాచకంలో పాఠమై, పొరుగు ఊళ్ల ఆడవాళ్ల చేతికి చేరింది. నేర్పేవాడు నేర్చుకోవటమంటే నాకు ఇదే గుర్తుకొస్తుంది.

అలా ఊరూరా పాకిన సారా వ్యతిరేక ఉద్యమ ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు, 1995 జనవరిలో మద్యనిషేధం అమలులోకి వచ్చింది, 1997లో దానిని సడలించారు. ఊరి దుకాణానికి తాళం వేయించగలిగిన ఆ ఆడవాళ్లకు, మద్యం రాబడి మీద నడిచే ఖజానా మాత్రం అందలేదు.