వంటింటి ప్రశ్నలు, జవాబులు: కారం కూరిన కోడిగుడ్లు

ప్రశ్న: చుట్టాలు వచ్చినప్పుడు డెవిల్డ్ ఎగ్స్ (ఉడికిన గుడ్లను రెండుగా కోసి, పచ్చసొనకు కారం కలిపి తిరిగి కూరేవి) చేద్దామని డజను గుడ్లు ఉడకబెడితే, పెంకుతోపాటు తెల్లసొన కూడా ఊడివచ్చి గుడ్లన్నీ గుంటలు పడుతున్నాయి. నీళ్లలో ఉప్పు వేసి చూశాను, నిమ్మచెక్క వేసి చూశాను. కోళ్లఫారం నుంచి నేరుగా తెచ్చే దుకాణంలో ఏ రోజు గుడ్లు ఆ రోజే కొంటాం. అయినా ఇలా ఎందుకవుతోంది?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మీరు ‘అయినా’ అని రాశారు గాని, ఇబ్బందికి అసలు కారణం ఆ తాజాదనమే. కోడి పెట్టిన కొత్తలో తెల్లసొనలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది కనుక దాని పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) ఎనిమిదికి లోపే ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ ఆ వాయువు పెంకులోని సన్నని రంధ్రాల గుండా బయటికి పోయి, పీహెచ్ 9 దాటుతుంది. అలా క్షారగుణం పెరిగిన తెల్లసొన ఉడికిన తరువాత పెంకు లోపలి పొరను అంతగా అంటిపెట్టుకోదు. దానికి తోడు, గుడ్డులోని తేమ తగ్గి వెడల్పు వైపున ఉండే గాలి అర పెద్దదవుతుంది కాబట్టి వేలు పెట్టి పొర ఎత్తడానికి చోటు దొరుకుతుంది. ఆమ్లెట్‌కు ఈ రోజు గుడ్డు మేలు. ఒలిచి పెట్టవలసిన గుడ్డుకు మాత్రం వారం, పది రోజులు ఫ్రిజ్‌లో ఉన్నదే మేలు.

రెండవ కారణం మనం ఉడకబెట్టే తీరులో ఉంది. మన ఇళ్లలో చాలామంది గుడ్లను చన్నీళ్లలో వేసి పొయ్యి మీద పెడతారు. నీరు మెల్లగా వేడెక్కుతున్నప్పుడు తెల్లసొన కూడా మెల్లగా గట్టిపడుతూ పొరకు అతుక్కుపోతుంది. అలాకాక, నీరు తెర్లుతున్నప్పుడు చిల్లుల గరిటెతో గుడ్లను ఒక్కొక్కటిగా దించితే, అంచున ఉన్న తెల్లసొన ఒక్కసారిగా ముడుచుకుని పొర నుంచి విడివడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్లు పగలకుండా ఉండాలంటే ఒక పావుగంట బయట ఉంచి, ఆ తరువాత వేయండి. గుడ్లు వేసిన మొదటి మూడు నాలుగు నిమిషాలు గరిటెతో నెమ్మదిగా తిప్పుతూ ఉంటే పచ్చసొన ఒక పక్కకు ఒరగకుండా మధ్యలో నిలుస్తుంది. రెండుగా కోసి మధ్యలో కూరే వంటకానికి ఇది చాలా అవసరం. తరువాత మంట తగ్గించి, నీరు చిన్నగా మరిగే సెగ మీద మొత్తం పన్నెండు నిమిషాలు ఉంచితే చాలు. హైదరాబాదు సముద్రమట్టానికి 540 మీటర్ల వరకు ఎత్తులో ఉండటం వల్ల ఇక్కడ నీరు 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది గాని, ఆ తేడా కోసం గడియారం మార్చుకోనవసరం లేదు.

ఆవిరి మీద ఉడికించడం నాకు ఇంకా నచ్చిన పద్ధతి. ఇడ్లీ పాత్రలో పై రేకులు తీసేసి, అడుగు రేకు గుంటల్లో గుడ్లు నిలిపి, ఆవిరి బాగా వచ్చిన తరువాత మూత పెట్టి పదమూడు నిమిషాలు ఉంచితే, గుడ్లు ఒకదానికొకటి కొట్టుకోవు, పగుళ్లూ తక్కువే.

దించగానే ఐసు వేసిన నీళ్లలోకి మార్చి కనీసం పది నిమిషాలు ఉంచండి. కుళాయి నీళ్లు చాలవా అంటే, ఎండాకాలంలో మన మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లతో స్నానమే చేయలేము, గుడ్లు ఏం చల్లబడతాయి! చల్లబడ్డాక వెడల్పు వైపు కొట్టి, నీళ్లలోనే ఉంచి ఒలవండి. ఉప్పు గాని నిమ్మరసం గాని ఒలవడానికి చేసే సాయం దాదాపు లేదు. పెంకు పగిలితే బయటికి వచ్చే తెల్లసొనను వెంటనే గట్టిపరచి చీలికను మూయడమే వాటి పని.

ప్రశ్న: కోసి చూస్తే పచ్చసొన చుట్టూ బూడిద, ఆకుపచ్చ కలిసిన వలయం కనిపిస్తోంది, కాస్త వాసన కూడా వస్తోంది. గుడ్లు పాడైనట్టా? మేము కుక్కరులో మూడు కూతలు రానిస్తాం.
— ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: పాడవలేదు, ఎక్కువ ఉడికాయి. తెల్లసొనలోని గంధకం వేడికి హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారి, పచ్చసొనలోని ఇనుముతో కలిస్తే ఏర్పడే ఐరన్ సల్ఫైడ్ రంగు అది. తింటే హాని లేదు గాని, రుచి పొడిబారి, నూరినప్పుడు పచ్చసొన రవ్వలా విడిపోతుంది. కుక్కరులో వేడి వంద డిగ్రీలు దాటుతుంది. ఆవిరి పోయేదాకా మూత తీయకపోవడం వల్ల గుడ్లు ఇంకా ఉడుకుతూనే ఉంటాయి. పచ్చసొన గట్టిపడటానికి 70 డిగ్రీలు సరిపోతాయని తెలిస్తే మూడు కూతలు ఎంత ఎక్కువో మీకే అర్థమవుతుంది. కుక్కరు పప్పుకు ఉంచి, గుడ్లకు మూత లేని గిన్నె వాడండి.

ప్రశ్న: విదేశీ పద్ధతిలో డెవిల్డ్ ఎగ్స్ అంటే మయోనైజ్, ఆవముద్ద, పైన కొంచెం పాప్రికా (కారం తక్కువ ఉండే ఎర్ర మిరప) పొడి. మాకు అది చప్పగా అనిపిస్తోంది. పైగా మయోనైజ్ అంటే ఇంట్లో భయపడుతున్నారు. మన నోటికి తగినంత కారంగా, మయోనైజ్ లేకుండా ఎలా చేయాలి?
— ఒక పాఠకురాలు, మెహిదీపట్నం

జవాబు: మీ ఇంట్లోవారి భయం అకారణమైనది కాదు. నగరంలో జనం అస్వస్థులైన ఘటనల తరువాత, 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్ తయారీని, నిల్వను, అమ్మకాన్ని ఏడాదిపాటు నిషేధించింది. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే రోగకారక క్రిమి ఉంటే, వేడి తగలని మయోనైజ్‌లో అది బతికే ఉంటుంది. గుడ్డు లేని మయోనైజ్ ప్యాకెట్లు దొరుకుతాయి గాని, వాటిలోని తీపి మన కారానికి నప్పదని నా అభిప్రాయం.

మయోనైజ్ ఇక్కడ చేసే పని రెండు రకాలు. పొడిగా ఉన్న పచ్చసొనకు నూనెతో నునుపు ఇవ్వడం ఒకటి, పులుపు ఇవ్వడం రెండవది. ఈ రెండూ గుడ్డలో కట్టి నీరు వడకట్టిన పెరుగు, కొద్దిగా నువ్వులనూనె ఇవ్వగలవు. ఆరు గుడ్ల పచ్చసొనలను జల్లెడలో వేసి గరిటె వెనుకభాగంతో రుద్దితే మెత్తని పొడిలా దిగుతుంది. దానికి రెండు పెద్ద చెంచాల గట్టి పెరుగు, ఒక పెద్ద చెంచా నూనె, సన్నగా తరిగిన ఒక పచ్చిమిరపకాయ, కొత్తిమీర, పావు చెంచా మిరియాలపొడి, తగినంత ఉప్పు కలపాలి.

కారం విషయంలో ఒక మెలకువ ఉంది. పచ్చసొనలో నాలుగో వంతుకు పైగా కొవ్వే. మిరపలోని ఘాటు కొవ్వులో కరుగుతుంది గనుక కారం వెంటనే నాలుకకు తగలక, ఆలస్యంగా, మందంగా తెలుస్తుంది. అందువల్ల మిరపపొడిని నేరుగా చల్లకుండా, మనం చెప్పుకున్న ఆ నూనెనే వేడిచేసి, పొయ్యి ఆర్పిన ఒక నిమిషానికి అర చెంచా గుంటూరు కారం వేసి, ఎర్రగా ఊరనిచ్చి పచ్చసొనలో కలిపితే మిశ్రమమంతటికీ సమానంగా పడుతుంది. మరుగుతున్న నూనెలో వేస్తే క్షణంలో మాడి చేదెక్కుతుంది. రంగు మాత్రమే కావాలనుకుంటే పైన చల్లడానికి కశ్మీరీ మిరపపొడి చాలు; బేగంబజారులో రెండూ పక్కపక్కనే దొరుకుతాయి.

ఆవపొడి కూడా తొందరపెడితే మాట వినదు. ఆవపెట్టిన కూర చేసేవారికి ఇది అలవాటైన సంగతే. ఆవగింజలోని ఎంజైము నీళ్లు తగిలినప్పుడే ఘాటును పుట్టిస్తుంది; మరిగే నీళ్లు పోసినా, మొదటే నిమ్మరసం పిండినా అది మందగిస్తుంది. అర చెంచా ఆవపొడిని చన్నీళ్లతో ముద్దగా కలిపి పది నిమిషాలు వదిలి, ఆ తరువాతే ఒక చెంచా నిమ్మరసం చేర్చి మిశ్రమంలో వేయండి.

పెరుగు వద్దనుకునేవారికి మన ఊరి దారి మరొకటి ఉంది. మిర్చీ కా సాలన్ కోసం వేయించి నూరే పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి ముద్దను చింతపండు గుజ్జుతో, నూనెలో, నీరంతా ఇగిరిపోయేదాకా వేయించి, చల్లారాక రెండు చెంచాలు పచ్చసొనలో కలపండి. నూనెగింజల ముద్ద కాబట్టి నునుపూ వస్తుంది, చింతపండు పులుపూ ఉంటుంది. పైన కరకరలాడేలా వేయించిన కరివేపాకు నలిపి చల్లితే, విందులో ఈ పళ్లెమే ముందు ఖాళీ అవుతుంది.

కూరేటప్పుడు చెంచా కన్నా, మూల కత్తిరించిన శుభ్రమైన పాలిథిన్ సంచి నయం. గుడ్డు పళ్లెంలో దొర్లకుండా తెల్లసొన అడుగున పలుచగా ఒక చెక్కు తీయండి. అది మీ పిల్లలు తినేస్తారు. చల్లగా వడ్డించే పదార్థానికి ఉప్పూ పులుపూ నాలుకకు తక్కువగా తెలుస్తాయి కాబట్టి, కలిపేటప్పుడు రుచికి ఒక పిసరు ఎక్కువే వేసుకోండి.

ప్రశ్న: మే నెలలో గృహప్రవేశానికి ఇవి చేసి తీసుకువెళ్లాలి. ముందురోజే చేసి పెట్టవచ్చా?
— ఒక పాఠకురాలు, నాగోలు

జవాబు: ఉడికించడం ముందురోజు చేయండి, కూరడం ఆ రోజే చేయండి. పెంకుతో ఉన్న ఉడికిన గుడ్లు ఫ్రిజ్‌లో వారం రోజుల వరకు నిలుస్తాయి. పచ్చసొన మిశ్రమం విడిగా మూత ఉన్న డబ్బాలో ఒక రాత్రి ఉంచవచ్చు. తరిగిన కొత్తిమీర, పచ్చిమిరప మాత్రం చివరన కలపండి. కూరిన గుడ్లు మామూలు రోజుల్లో రెండు గంటలకు మించి బయట ఉండకూడదు. 32 డిగ్రీలు దాటిన ఎండలో ఒక గంటే గడువు. మేలో మనకు ఆ ఒక గంటే వర్తిస్తుంది. ఐసు పరిచిన డబ్బాలో ఇంకా కూరని తెల్లసొన సగాలు, మిశ్రమం వేరువేరుగా తీసుకువెళ్లి, వడ్డనకు ముందు కూరడం అన్నిటికన్నా క్షేమం.

ప్రశ్న: నాటుకోడి గుడ్లతో చేస్తే రుచి ఎక్కువా?
— ఒక పాఠకుడు, అత్తాపూర్

జవాబు: మీరు కొన్నవి నాటువో కావో ముందు చూసుకోవాలి. పెంకు గోధుమరంగులో ఉన్నంత మాత్రాన నాటుగుడ్డు కాదు. పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది. మీ పొరుగునే రాజేంద్రనగర్‌లో ఉన్న కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన గ్రామప్రియ కోడి కూడా గోధుమరంగు గుడ్లే పెడుతుంది. అసలైన నాటుగుడ్డు సాధారణంగా ఫారం గుడ్డుకన్నా చిన్నది, కాబట్టి రెండు నిమిషాలు ముందే దించండి. కారం, ఆవ, పులుపు పడిన తరువాత రుచిలో తేడా పట్టుకోవడం కష్టం గనుక, ఆ ఖరీదైన గుడ్లను ఉప్పు, మిరియాలతో ఉత్తగా తినడానికి ఉంచుకోండి.